ఐదు మైళ్ల బడి, ఒక్క తీగ ఫోను: సస్కాచెవాన్ రైతులు నడుపుకున్న రెండు సంస్థలు

మన వైపు ఊరంటే ఇళ్లన్నీ ఒకచోట ఉంటాయి, పొలాలు చుట్టూ ఉంటాయి. పొద్దున పొలానికి పోయినవాళ్లు సాయంత్రానికి ఊళ్లోకి వస్తారు. బడి, గుడి, రచ్చబండ అన్నీ నడిచిపోయే దూరమే. కెనడా మైదాన రాష్ట్రాలైన మానిటోబా, సస్కాచెవాన్, అల్బర్టాల్లో నూరేళ్ల కిందట స్థిరపడ్డ రైతులకు అలాంటి ఊరు లేదు. ఎవరి పొలంలో వాళ్ల ఇల్లు. పక్కింటివాళ్లంటే అర మైలు అవతల ఉన్నవాళ్లు, ఒక్కోచోట రెండు మైళ్ల అవతల ఉన్నవాళ్లు. ఉక్రెయిన్ నుంచో జర్మన్ పల్లెల నుంచో వచ్చిన చాలామంది ఊరి మధ్య పుట్టి పెరిగినవాళ్లే. కొత్త దేశంలో వాళ్లను ఇలా విడివిడిగా పడేసింది ఒక భూమి చట్టం. ఆ దూరాన్ని దాటడానికి వాళ్లు రెండు సంస్థలు కట్టుకున్నారు. ఒకటి ఒకే గది ఉన్న బడి. రెండోది పది పదిహేను ఇళ్లను కలిపే టెలిఫోన్ తీగ. రెండింటికీ చట్టం ఒక రూపం ఇచ్చింది. డబ్బు, శ్రమ, లెక్కలు, తగాదాలు మాత్రం రైతులవే. ఈ పద్ధతి చివరికంటా వెళ్లింది సస్కాచెవాన్‌లో కాబట్టి ఈ వ్యాసం ఎక్కువగా అక్కడే తిరుగుతుంది.

నేలను గళ్లుగా కోసిన లెక్క

1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ యాక్ట్ ప్రకారం 10 డాలర్ల ఫీజు కడితే 160 ఎకరాలు కేటాయించేవారు. పట్టా చేతికి రావాలంటే మూడేళ్లపాటు ఏటా ఆరు నెలలు ఆ నేల మీదే కాపురం ఉండాలి, ఇల్లు వేసుకోవాలి, కొంత నేల దున్ని సాగులోకి తేవాలి. అంటే నలుగురూ ఒకచోట ఇళ్లు కట్టుకుని పొలాలకు వెళ్లి వస్తామంటే కుదరదు. రష్యా నుంచి గుంపుగా వచ్చిన మెనోనైట్, డుఖోబోర్ అనే క్రైస్తవ శాఖలవాళ్లకు మాత్రం ఊళ్లుగా ఉండే వెసులుబాటు ఇచ్చారు. మిగతావాళ్లు దాదాపు అందరూ చెల్లాచెదురే.

ఎంత చెల్లాచెదురో లెక్క వేస్తే తెలుస్తుంది. సర్వే వాళ్లు నేలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న టౌన్‌షిప్‌లుగా విడగొట్టారు. ఒక్కో టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. బేసి సంఖ్య సెక్షన్లలో ఎక్కువ భాగం రైల్వే కంపెనీలకు పోయింది. సరి సంఖ్యలో 18 ఉంటే, 8వ నంబరు, 26లో ఎక్కువ భాగం బొచ్చు చర్మాల వ్యాపార సంస్థ హడ్సన్స్ బే కంపెనీ వాటా. పూర్తిగా మిగిలినవి 16. సెక్షన్‌కు నాలుగు కుటుంబాల చొప్పున 64 కుటుంబాలు. ముప్పై ఆరు చదరపు మైళ్లలో, అన్నీ నిండితేనే, ఉచిత భూమి మీద ఉండగలిగేది 64 ఇళ్లు. మొదటి ఏళ్లలో ఆ 64లో కొన్నే నిండేవి.

11, 29 నంబర్ల సెక్షన్లను మాత్రం బడుల కోసం పక్కన పెట్టారు. అక్కడ బడి కట్టాలని దాని అర్థం కాదు. ఆ భూమిని అమ్మి, వచ్చిన సొమ్మును నిధిగా వేసి, వడ్డీని చదువుకు ఖర్చు పెట్టాలి. ఈ నిధిని 1930 దాకా కేంద్రమే తన చేతుల్లో పెట్టుకుంది.

ఈ గళ్లు గీసిన నేల ఖాళీ నేల కాదు. క్రీ, సోటో, నకోడా ప్రజలతో 1874లో 4వ నంబరు ఒప్పందం, 1876లో 6వ నంబరు ఒప్పందం చేసుకుని, వాళ్లను రిజర్వులనే కేటాయించిన స్థలాలకు పరిమితం చేశాకే ఈ పంపకం సాధ్యమైంది. వలస వచ్చిన రైతులు తమ బడిని తామే పెట్టుకుని తామే నడుపుకోవచ్చని, సస్కాచెవాన్ రాష్ట్రం కాకముందు ఆ ప్రాంతాన్ని పాలించిన వాయవ్య భూభాగాల కౌన్సిల్ చట్టం చేసింది 1884లో. కాపెల్ లోయలోని లెబ్రెట్ దగ్గర ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి వేరు చేసి ఉంచే రెసిడెన్షియల్ బడి తెరిచిందీ 1884లోనే. ఒకవైపు తల్లిదండ్రులకు బడి మీద పూర్తి పెత్తనం ఇచ్చారు, మరోవైపు తల్లిదండ్రుల నుంచి పిల్లల్నే తీసుకుపోయారు. స్థానిక స్వపరిపాలన గురించి ఈ మైదానాల్లో చెప్పుకునే ప్రతి మంచి మాట పక్కనా ఈ సంగతి ఉండాల్సిందే. లెబ్రెట్ బడి 1998లో గానీ మూతపడలేదు.

నలుగురు పన్ను కట్టేవాళ్లు, 12 మంది పిల్లలు

స్కూల్ డిస్ట్రిక్ట్ అనే మాట వినగానే మనకు జిల్లా గుర్తొస్తుంది. అక్కడి డిస్ట్రిక్ట్ మన మండలంలో కూడా చిన్న ముక్క. 1901 చట్టం ప్రకారం దాని పొడవు గానీ వెడల్పు గానీ ఐదు మైళ్లు మించకూడదు. పన్నుకు లోబడే కాపురస్తులు కనీసం నలుగురు ఉండాలి. ఐదు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు కనీసం 12 మంది ఉండాలి. అంతే, అర్జీ పెట్టుకోవచ్చు. ఐదు మైళ్ల కొలత ఎందుకంటే, బడి మధ్యలో ఉంటే గుర్రం మీదో నడిచో వచ్చే చాలామంది పిల్లలకు దూరం రెండున్నర మైళ్లకు కాస్త అటూ ఇటూ, మూలల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఇంకా ఎక్కువ. పిల్లవాడి కాళ్లకూ గుర్రం నడకకూ సరిపోయేలా గీసిన హద్దు అది. బడి పక్కన గుర్రాల కొట్టం ఉండేది అందుకే.

డిస్ట్రిక్ట్ ఏర్పడ్డాక పన్ను కట్టేవాళ్లు ముగ్గురు ట్రస్టీలను ఎన్నుకుంటారు. లెక్కలు, ఉత్తరాలు చూడటానికి ఒక సెక్రటరీ-ట్రెజరర్. టీచర్‌ను వెతకడం, జీతం మాట్లాడటం, ఆమెకు ఎవరింట్లో బస ఇవ్వాలో తేల్చడం, పొయ్యికి బొగ్గు తెప్పించడం, బ్లాక్‌బోర్డు కొనడం, భవనం కోసం డిబెంచర్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి అప్పు తేవడం అన్నీ వీళ్ల పనే. పాఠ్యక్రమం, పరీక్షలు, టీచర్ల అర్హతలు, ఇన్‌స్పెక్టర్ ప్రభుత్వం వైపు నుంచి వస్తాయి. గ్రాంటు కూడా కొంత వస్తుంది. 1907లో సస్కాచెవాన్ ప్రభుత్వం చదువు కోసం ఎకరానికి ఒక సెంటు పన్ను వేస్తే భూమి కొని ఖాళీగా పడేసిన కంపెనీలు గట్టిగా వ్యతిరేకించాయి. స్థానిక పన్ను విషయంలోనూ ఇదే పేచీ. పెళ్లి కాని ఒంటరి రైతుకు బడి పన్ను బరువుగా అనిపించేది. ఇంట్లో ఐదుగురు పిల్లలున్నవాళ్లకు బడి ఎంత త్వరగా వస్తే అంత మంచిది. ఇక బడి సరిగ్గా ఎక్కడ కట్టాలన్నది ఒక్కోచోట ఏళ్ల తరబడి నడిచిన గొడవ. అర మైలు ఇటు జరిగితే ఒక ఇంటికి లాభం, ఇంకో ఇంటికి చలికాలంలో నరకం.

ఈ పద్ధతిలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. డిస్ట్రిక్ట్ ఆదాయం దాని హద్దుల్లోని భూమి మీదే ఆధారపడింది. కెనడియన్ పసిఫిక్ రైల్వేకు ఇచ్చిన భూములకు, అమ్ముడయ్యేదాకా లేదా ఎవరైనా సాగు చేసేదాకా, ఇరవై ఏళ్లు పన్ను మినహాయింపు. కాబట్టి బేసి సెక్షన్లు రైల్వే చేతిలో ఉన్న తొలినాళ్ల డిస్ట్రిక్టుల్లో సగం నేల నుంచి పైసా రాదు, బడి ఖర్చు మాత్రం పూర్తిగా ఉంటుంది. నల్లరేగడి లాంటి మంచి మట్టి ఉన్న డిస్ట్రిక్ట్‌కూ ఇసుక దిబ్బల డిస్ట్రిక్ట్‌కూ ఒకటే చట్టం, ఒకటే టీచర్ జీతం. మట్టి బాగాలేని చోట పుట్టిన పిల్లవాడికి చదువూ బాగాలేనిదే దక్కింది. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు, హద్దు అంత చిన్నదిగా గీయడం వల్ల వచ్చిన ఫలితం.

అయినా బడులు పుట్టుకొచ్చిన వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. ప్రతి డిస్ట్రిక్ట్‌కూ ఏర్పడిన వరసలో నంబరు ఇచ్చారు. మూస్ జా 1వ నంబరు, రెజైనా 4, సస్కటూన్ 13. సస్కాచెవాన్ 1905లో రాష్ట్రంగా ఏర్పడేనాటికి డిస్ట్రిక్టులు తొమ్మిది వందలకు కాస్త అటూ ఇటూ. 1930ల చివరికి అవి 5 వేలు దాటాయి. జనాభా చూస్తే పది లక్షలు కూడా లేదు. ఐదు వేల డిస్ట్రిక్టులకు ముగ్గురు చొప్పున పదిహేను వేల మంది ట్రస్టీలు, అదంతా ఒక్క చదువు శాఖలోనే.

భాష విషయంలో మాత్రం ఈ స్వేచ్ఛకు గట్టి హద్దు ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం వేడిలో 1917లో హాజరు తప్పనిసరి చేశారు, 1918 చివర్లో ఫ్రెంచికి కొద్దిపాటి సడలింపు తప్ప ఇంగ్లిష్ కాని భాషల్లో బోధన ఆపేశారు. ఉక్రేనియన్, జర్మన్ కుటుంబాలు చేసేదిలేక సర్దుకున్నాయి. తమ బడులు తమ భాషలో, తమ మత పద్ధతిలో సాగాలనుకున్న మెనోనైట్లలో కొన్ని వేలమంది 1922 నుంచి మెక్సికోకు వెళ్లిపోయారు. ట్రస్టీలను ఎన్నుకునే హక్కు ఉంది కానీ ఏ భాషలో చదువు చెప్పించాలో తేల్చే హక్కు లేదు.

గోడకు పెట్టె, నేలలో కడ్డీ

టెలిఫోన్ కథ కంపెనీ నిరాకరణతో మొదలవుతుంది. బెల్ కంపెనీకి పట్టణాలు లాభం, పల్లెలు నష్టం. రెండు మైళ్లకు ఒక ఇల్లున్న చోట తీగ లాగడం వాళ్లకు దండగ. 1905లో పోస్ట్‌మాస్టర్ జనరల్ విలియం ములాక్ అధ్యక్షతన ఒట్టావాలో పార్లమెంటు కమిటీ ఈ ఫిర్యాదులన్నీ విన్నది గానీ కేంద్రం ఏమీ తేల్చలేదు. దాంతో మూడు మైదాన రాష్ట్రాలూ తామే రంగంలోకి దిగాయి. 1908లో మానిటోబా బెల్ ఆస్తుల్ని దాదాపు 34 లక్షల డాలర్లకు కొనేసింది. అదే ఏడాది అల్బర్టా 6 లక్షల 75 వేలకు కొన్నది. 1909లో సస్కాచెవాన్ దాదాపు 3 లక్షల 67 వేలకు కొన్నది.

కొన్నాక ఏం చేయాలన్న దగ్గర దారులు విడిపోయాయి. మానిటోబా, అల్బర్టా ప్రభుత్వాలు పల్లె లైన్లు కూడా తామే వేశాయి. సస్కాచెవాన్‌లో వాల్టర్ స్కాట్ ప్రభుత్వం, టెలిఫోన్ నిపుణుడు ఫ్రాన్సిస్ డాగర్ సలహా విన్నాక, పనిని చీల్చింది. ఊరి నుంచి ఊరికి వెళ్లే దూరపు లైన్లు, పట్టణాల ఎక్స్చేంజీలు ప్రభుత్వానివి. పల్లె లైన్లు రైతులు కంపెనీలుగా ఏర్పడి వేసుకోవాలి. దీనికోసమే 1908లో రూరల్ టెలిఫోన్ యాక్ట్ వచ్చింది. చెట్లే లేని ఆ నేలలో స్తంభాలు దొరకడమే కష్టం కనుక మొదట్లో స్తంభాలు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. లైను ఎలా ఉండాలో ప్రభుత్వ ఇంజనీర్లు చెబుతారు. గుంతలు తవ్వేదీ, స్తంభాలు బండ్ల మీద తోలుకొచ్చేదీ, తీగ లాగేదీ, వాటాలు కొనేదీ రైతులు. అన్నిటికన్నా ఖర్చయ్యే, లాభం రాని భాగాన్నే ప్రభుత్వం రైతుల మీద వదిలేసింది. ఇది తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. కానీ 1920ల కల్లా వెయ్యికి పైగా పల్లె కంపెనీలు లైన్లు నడిపాయి, ఏ ప్రైవేటు కంపెనీ చేసి ఉండేది కాదు ఆ పని.

చట్టం కన్నా ముందు కూడా ఫోన్లు లేకపోలేదు. కొందరు పొలం ముళ్లకంచె తీగనే టెలిఫోన్ లైనుగా వాడేశారు. గేటు దగ్గర కంచె తెగుతుంది కాబట్టి అక్కడ రెండు గుంజలు పాతి తీగను తల మీదుగా తీసుకెళ్లాలి. వాన పడితే తడిసిన గుంజల గుండా కరెంటు నేలలోకి జారిపోయి మాట మాయమయ్యేది. అయినా వాడారు, ఎందుకంటే కంచె ఎలాగూ ఉంది.

కంపెనీ లైను అంతకన్నా మెరుగే గానీ మరీ ఎక్కువ కాదు. గోడకు ఒక చెక్కపెట్టె, పక్కన పిడి. పిడి తిప్పితే లోపలి మాగ్నెటో పుట్టించిన కరెంటు అదే తీగ మీదున్న ఇళ్లన్నిటిలోనూ గంట మోగిస్తుంది. అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు: రెండు పొడుగు ఒక పొట్టి అంటే ఒకరిల్లు, ఒక పొడుగు మూడు పొట్టి అంటే ఇంకొకరిల్లు. మాట మోసుకెళ్లేందుకు పెట్టెలో రెండు డ్రై సెల్ బ్యాటరీలు. తీగ ఒక్కటే. కరెంటు తిరిగొచ్చే దారి భూమి. ఇంటి పక్కన నేలలో దిగేసిన ఇనుప కడ్డీయే రెండో తీగ పని చేసేది. ఎండలు ముదిరి నేల పగుళ్లిస్తే కడ్డీ చుట్టూ మట్టి ఎండిపోయి మాట సన్నబడేది. అప్పుడు ఇంటావిడ ఒక బకెట్ నీళ్లు తెచ్చి ఆ కడ్డీ మొదట్లో పోసేది. కాసేపటికి అవతలి గొంతు మళ్లీ తేటగా వినిపించేది.

గంట ఎవరికోసం మోగినా అందరికీ వినిపిస్తుంది కాబట్టి ఎవరైనా రిసీవర్ ఎత్తి వినొచ్చు. విన్నారు కూడా. అది చెడ్డ అలవాటని అందరికీ తెలుసు, అయినా ఎవరూ మానలేదు. శీతకాలంలో నాలుగు గోడల మధ్య నెలల తరబడి ఉండే ఆడవాళ్లకు ఆ గొంతులే తోడు. ఎత్తిన ప్రతి రిసీవర్ కాస్త కరెంటు లాగేస్తుంది కాబట్టి ఎక్కువమంది వింటే అసలు మాట్లాడుకునేవాళ్లకే వినపడదు. అప్పుడు మిగతావాళ్లను రిసీవర్ పెట్టేయమని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఆగకుండా పొడుగ్గా మోగితే మాత్రం అందరూ ఎత్తాల్సిందే. గడ్డిమంట లేచిందనో, ఎవరైనా తప్పిపోయారనో, సభ ఫలానా రోజనో ఆ గంటకు అర్థం. పక్క పట్టణంలో స్విచ్‌బోర్డు దగ్గర కూర్చునే ఆపరేటర్ ఆ పరిధి మొత్తానికి సమాచార కేంద్రం. డాక్టర్ ఏ ఇంటికి వెళ్లాడో, రైలు ఎంత లేటో ఆమెకే తెలుసు.

ఇద్దరికీ ఒకటే జేబు

బడికీ ఫోనుకూ సంబంధం ఇక్కడే ఉంది. కంపెనీ అంటే షేర్ మార్కెట్ కంపెనీ అనుకోకూడదు. కొన్నేళ్లకే చట్టం మార్చి, పల్లె కంపెనీ డిబెంచర్ల మీద అప్పు తెచ్చుకునేలా, ఆ అప్పు తీర్చేందుకు లైను పక్కనున్న భూమి మీద పన్ను వేసేలా వీలు కల్పించారు. అంటే టెలిఫోన్ కంపెనీ పేరుకు కంపెనీ, పనికి మరో స్కూల్ డిస్ట్రిక్ట్. అదే భూమి, అదే పన్ను, అదే సెక్రటరీ-ట్రెజరర్ పదవి. చాలాచోట్ల వార్షిక సమావేశం జరిగేది బడి గదిలోనే, ఎందుకంటే ఆ చుట్టుపక్కల అంతమంది పట్టే గది మరొకటి లేదు. పెద్దవాళ్లు పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చుని తీగ మరమ్మతుకు ఎంత, ఎవరు బాకీ, ఈసారి లైన్‌మన్ ఎవరు అని తేల్చుకునేవారు. ఆదివారం అదే గదిలో ప్రార్థన, డిసెంబరులో క్రిస్మస్ కచేరీ, ఎన్నికలప్పుడు పోలింగు.

1940లలో ఆ రాష్ట్రాన్ని అధ్యయనం చేసిన ఒక అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, బడులు, టెలిఫోన్ కంపెనీలు, గోధుమ సహకార సంఘాలు, గ్రామీణ మునిసిపాలిటీలు అన్నీ కలిపి లెక్క వేశాడు. దాదాపు 1 లక్ష 25 వేల మంది రైతులకు 40 నుంచి 50 వేల ఎన్నికైన పదవులు తేలాయి. ఇద్దరు ముగ్గురు రైతులకు ఒక పదవి చొప్పున ఉన్నట్టే. మినిట్స్ రాయడం, తీర్మానం పెట్టడం, ఓడిపోయాక కూడా మరుసటి సభకు రావడం చాలామంది ఇక్కడే నేర్చుకున్నారు. 1915లో ఒక గ్రామీణ మునిసిపాలిటీ పన్ను డబ్బుతో డాక్టర్‌ను జీతానికి పెట్టుకోవడం, 1924లో రైతులు పంటను కలిపి అమ్ముకునే గోధుమ పూల్ పుట్టడం, 1962లో ఉత్తర అమెరికాలోనే మొదటిసారి అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా రావడం ఈ రాష్ట్రంలోనే జరిగాయంటే, ఆ వెనక ఈ చిన్న సభల సాధన కొంతైనా ఉందనుకోవడం సబబే. వైద్య బీమా తేవాలంటే ముందు జనానికి పన్ను అంటే తమ డబ్బు తమకే తిరిగొచ్చే దారి అన్న నమ్మకం ఉండాలి. బడి పన్ను, ఫోను పన్ను కట్టినవాళ్లకు ఆ నమ్మకం కళ్లెదుట కనిపించేది.

ఒకే జేబు అన్న సంగతి 1930లలో శాపమైంది. గోధుమ ధర 1932 చివరికి బుషెల్‌కు, అంటే దాదాపు 27 కిలోలకు, 40 సెంట్ల కిందికి పడింది. 1937 కరువులో సస్కాచెవాన్ సగటు దిగుబడి ఎకరాకు మూడు బుషెళ్లు కూడా లేదు. పన్ను కట్టడానికి రైతు దగ్గర డబ్బు లేదు. డిస్ట్రిక్ట్ దగ్గర జీతం ఇవ్వడానికి డబ్బు లేదు. టీచర్లకు జీతం బదులు ప్రామిసరీ నోట్లు రాసిచ్చారు, భోజనం, బస మాత్రం దొరికేవి. ఆ నోట్లు ఎప్పటికి సొమ్మవుతాయో ఎవరికీ తెలియదు. 1935లో టీచర్ల సంఘానికి చట్టబద్ధ సభ్యత్వం వచ్చిందంటే ఆ దెబ్బల వల్లే. ఫోను విషయానికొస్తే చాలామంది కనెక్షన్ వదులుకున్నారు. లైన్లో పదిహేను ఇళ్లలో ఐదు మానేస్తే మిగతా పది ఇళ్ల మీద అప్పు పెరుగుతుంది, దాంతో మరో రెండు మానేస్తాయి. కొన్నిచోట్ల తీగలు అలాగే వేలాడాయి, బాగు చేసేవాళ్లు లేరు.

అల్బర్టాలో దీని తిరగేసిన రూపం జరిగింది. అక్కడ పల్లె లైన్లు ప్రభుత్వానివి కదా. నష్టాలు భరించలేక 1930ల మధ్యలో ప్రభుత్వం వాటిని చవగ్గా రైతులకే అప్పగించింది. రైతులు మ్యూచువల్ కంపెనీలు పెట్టుకుని నడుపుకున్నారు. సస్కాచెవాన్ రైతులు ఆశతో మొదలుపెట్టిన పనిని అల్బర్టా రైతులు గతిలేక మొదలుపెట్టారు. మొదలు వేరైనా, స్తంభం ఎక్కి తీగ ముడేసే పని రెండుచోట్లా పక్కింటివాళ్లదే అయింది.

బడి ముందు పోయింది, తీగ తర్వాత

1944లో టామీ డగ్లస్ నాయకత్వంలోని సోషలిస్టు పార్టీ సీసీఎఫ్ సస్కాచెవాన్‌లో గెలిచింది. విద్యామంత్రి వుడ్రో లాయిడ్ స్వయంగా టీచర్‌గా పనిచేసినవాడు. ఆ ఏడాదే లార్జర్ స్కూల్ యూనిట్స్ యాక్ట్ వచ్చింది. వేలకు వేల డిస్ట్రిక్టులను దాదాపు అరవై పెద్ద యూనిట్లుగా కలపడం మొదలైంది. పన్ను ఇక యూనిట్ మొత్తానికి ఒకటే. టీచర్ జీతం యూనిట్ ఇస్తుంది, ఇసుక దిబ్బల బడికీ మంచి నేల బడికీ ఒకే నిధి. అల్బర్టా ఈ పని 1930ల చివర్లోనే చేసేసింది. ముందు చెప్పిన లోపానికి ఇది సరైన మందే. జీతం అందని టీచర్లు, చదువు ఆగిన పిల్లలు ఎదురుచూసింది దీనికోసమే. అయితే యూనిట్ వచ్చాక ఊరి ట్రస్టీ చేతిలో మిగిలింది తాళం చెవి మాత్రమే. బడి మూసేయాలని యూనిట్ ఆఫీసు తేల్చినప్పుడు అడ్డుకునే బలం ఆ తాళానికి లేదు.

మూతలకు యూనిట్లు ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. రోడ్లు బాగుపడ్డాయి, బస్సు వచ్చింది, పిల్లలు హైస్కూల్ దాకా చదవాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇళ్లే తగ్గిపోయాయి. ట్రాక్టర్ వచ్చాక ఒక కుటుంబం నాలుగు కుటుంబాల నేల దున్నగలదు. సస్కాచెవాన్‌లో 1936లో 1 లక్ష 42 వేల పైచిలుకు కమతాలు ఉంటే 2021లో 34 వేలు. టౌన్‌షిప్‌కు 64 ఇళ్లన్న లెక్కలో మూడొంతులు ఖాళీ అయితే 12 మంది పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? 1950లు, 60లలో ఒక గది బడులు వందల్లో మూతపడ్డాయి. భవనాలను ధాన్యం కొట్టాలుగా, ఇళ్లుగా, కమ్యూనిటీ హాళ్లుగా జరిపి తీసుకుపోయారు.

పల్లె టెలిఫోన్ కంపెనీలు మాత్రం చాలాచోట్ల 1970ల దాకా నిలిచాయి. ఒకే భూమి, ఒకే మనుషులు, ఒకే రకం అప్పు అయినా ఫోను ఇంకొన్నేళ్లు ఎక్కువ బతకడం వెనక ఒక తేడా ఉంది. బడికి పిల్లలు కావాలి, ఆ పిల్లలు ఏటా మారాలి. ఫోను లైనుకు రెండు ఇళ్లుంటే చాలు, ఆ ఇళ్లలో ముసలివాళ్లే ఉన్నా సరే. పిల్లలు పట్నం వెళ్లిపోయిన ఇంటికి ఫోను ఇంకా ఎక్కువ అవసరం. రెండో తేడా, బడిని సమానం చేయాలని ప్రభుత్వం మీద ఒత్తిడి ఉంది. ఫోను నాణ్యత గురించి అంత పట్టింపు చాలాకాలం రాలేదు.

వచ్చింది కరెంటుతో. 1949లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చాక పొలాల వెంట కరెంటు లైన్లు నడిచాయి. భూమిని రెండో తీగగా వాడే పాత ఫోన్లలో ఆ కరెంటు హోరు మోగసాగింది. మాట వినాలంటే రెండు తీగల లైను వేయాలి. తర్వాత డయల్ ఫోన్ వచ్చింది, ఆపై భూమిలో పాతే కేబుల్ వచ్చింది, ఇంటికో లైను కావాలన్నారు. గుంత తవ్వడం రైతుకు చేతనవును, ఆటోమేటిక్ ఎక్స్చేంజ్ కొనడం పాతిక ఇళ్ల కంపెనీకి చేతకాదు. 1947లో ప్రభుత్వ కార్పొరేషన్‌గా మారి, 1969లో సాస్క్‌టెల్ అని పేరు పెట్టుకున్న సంస్థ వాటిని ఒక్కొక్కటిగా కలుపుకుంది. చివరి సభల్లో మిగులు సొమ్ము పంచుకుని, మినిట్స్ పుస్తకం మూసేశారు.

పెద్ద సంస్థల తర్వాతి కథలూ వేరువేరుగా నడిచాయి. అల్బర్టా తన టెలిఫోన్ సంస్థను 1990లో ప్రైవేటుకు అమ్మింది, అదే ఇప్పటి టెలస్. మానిటోబా 1990ల చివర్లో అమ్మింది, 2017లో దాన్ని బెల్ కొన్నది. అంటే 1908లో ప్రభుత్వం డబ్బు పెట్టి ఎవరిని పంపించిందో నూట తొమ్మిదేళ్లకు ఆ కంపెనీయే తిరిగొచ్చింది. సస్కాచెవాన్ మాత్రం అమ్మలేదు. సాస్క్‌టెల్ ఈరోజుకీ ప్రభుత్వ సంస్థే. అమ్ముతామన్న మాట వచ్చినప్పుడల్లా అక్కడ రాజకీయంగా పెద్ద వ్యతిరేకత ఎదురవుతుంది. తాతలు గుంతలు తవ్విన సంగతి ఆ ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. 1980లో రాష్ట్రానికి 75 ఏళ్లు నిండినప్పుడు చాలా ఊళ్లు తమ చరిత్ర పుస్తకాలు అచ్చువేసుకున్నాయి. వాటిలో ఫలానా బడికి ఏ ఏడు ఏ టీచర్, ఏ లైను మీద ఏ ఇంటికి ఎన్ని గంటలు అన్న జాబితాలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

గోధుమ చేల మధ్య రోడ్డు పక్కన అక్కడక్కడ ఒక రాతి దిమ్మో, ఇనుప బోర్డో కనిపిస్తుంది. బడి పేరు, నంబరు, తెరిచిన ఏడు, మూసిన ఏడు, అంతే ఉంటుంది. చుట్టూ ఒక్క ఇల్లు ఉండదు. పట్టణాల్లో మాత్రం ఆ నంబర్లు పోలేదు. ఇప్పుడు రెజైనాకు ఉద్యోగాల మీద వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల్ని బడిలో చేర్పించే సంస్థ అధికారిక పేరులో 4వ నంబరు అలాగే ఉంది. సస్కటూన్‌లో 13. ఆ వరసలో వాటి తర్వాత వచ్చిన వేల నంబర్లలో చాలావాటికి ఇప్పుడు మిగిలింది ఆ రోడ్డు పక్క దిమ్మ ఒక్కటే.